దండం పెట్టే చేతులతోనే
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మాట్లాడుతున్నవారందరిలో నేనే చిన్నదాన్ని. ఈ బడిలో పదో తరగతి పూర్తిచేసి మూడేళ్ళు దాటింది. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ జాతీయ సేవా పథకంలో వాలంటీరుని. సంఘం పెద్దలు నన్ను పిలిచి, "ప్రకృతి, మతం, పర్యావరణ సేవ, ఈ మూడింటి మీద నీకు తోచింది చెప్పమ్మా" అన్నారు. మూడూ పెద్ద మాటలే. వాటి మీద ఉపన్యాసం ఇచ్చేంత చదువు నాకు లేదు. అందుకని మనందరికీ తెలిసిన ఒక చోటు నుంచి మొదలుపెడతాను. అది మన బడి వెనక కాలువ.

ఏటా దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలేదాకా కాలువ అడుగు బయటపడి ఉంటుంది. మిగతా తొమ్మిది పది నెలలు నీళ్ళు కప్పిపెట్టిన సంగతులన్నీ అప్పుడు కనిపిస్తాయి. పాల ప్యాకెట్లు, మందు సీసాలు, షాపుల వాళ్ళు కట్టగట్టి వదిలేసిన సంచులు, ఎవరింట్లోదో పరుపు. వాటి మధ్యలో దేవుడి పటాలు, అద్దం పగిలినవి, ఫ్రేము ఊడినవి, లక్ష్మీదేవివి, వెంకటేశ్వరస్వామివి. ఏసుప్రభువు బొమ్మ ఉన్న పాత క్యాలెండర్లు కూడా చూశాను. ప్రకృతి, మతం, సేవ అనే మూడు మాటలూ ఒకచోట కలిసింది నాకు ఆ ఎండిన కాలువలోనే.

మనం మర్చిపోకూడని సంగతి ఒకటుంది. ఈ కాలువ నీళ్ళు పొలానికి మాత్రమే కాదు. మన డెల్టాలో చాలా ఊళ్ళకు తాగునీటి చెరువులు నింపేది ఈ కాలువలే. వంతెన మీద నుంచి మనం విసిరేసిన సంచి దిగువ ఊరి మంచినీళ్ళలోకి పోతుంది. ఎగువ ఊరివాళ్ళు విసిరింది మన బిందెలోకి వస్తుంది.

మన నేలే గోదావరి పెట్టిన భిక్ష. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చిన నది తెచ్చిన ఒండ్రు మీద మన ఊళ్ళు నిలబడ్డాయి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. మన పెద్దలు వీటికి తుల్య, ఆత్రేయ, భరద్వాజ, కౌశిక పాయలను కూడా కలిపి సప్త గోదావరి అన్నారు. ఏడు పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్లా స్నానం చేయడాన్ని సప్తసాగర యాత్ర అన్నారు. భూగోళ పాఠంలో డెల్టా బొమ్మ గీసినప్పుడు నాకు ఒక విషయం తోచింది. ఈ యాత్ర చేసినవాళ్ళు పలకా బలపం పట్టకుండానే నది పటాన్ని కాళ్ళతో నేర్చుకున్నారు. ఏ పాయ ఎక్కడ చీలుతుందో, ఎక్కడ ఉప్పునీరు మొదలవుతుందో వాళ్ళకు తెలుసు. భక్తి వాళ్ళకు నదిని చూపించింది.

మరి అదే భక్తి ఇప్పుడు మనకు నది కనబడకుండా ఎందుకు చేస్తోంది? నేను ఈ ప్రశ్న వేసుకున్నది కార్తీకమాసం వెళ్ళిన మర్నాడు, పోలి పాడ్యమినాడు. తెల్లవారుజామున ఆడవాళ్ళంతా రేవుకు వచ్చి దీపాలు వదిలి వెళ్తారు. చీకట్లో ఆ దీపాలు వరసగా కదిలిపోతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. మా బృందం పని తెల్లారాక మొదలైంది. దీపాలు కొండెక్కాయి. నీళ్ళ మీద మిగిలినవి థర్మోకోల్ దొప్పలు, కర్పూరం ప్యాకెట్లు, అగరొత్తుల కవర్లు, పూలు తెచ్చిన క్యారీబ్యాగులు. పూలు రెండు రోజులకు కుళ్ళిపోతాయి. అరటి దొప్ప వారానికి మట్టిలో కలుస్తుంది. థర్మోకోల్ దొప్ప కలవదు, ముక్కలై చేపల కడుపులోకి పోతుంది. రావులపాలెం అరటి మార్కెట్ ఉన్న సీమలో, పెరటి నిండా అరటి చెట్లున్న ఇళ్ళలోంచి వచ్చి, దీపం పెట్టుకోవడానికి థర్మోకోల్ దొప్ప కొనుక్కుంటున్నాం.

ఆ సాయంత్రం మా ఇంట్లో వాదన జరిగింది. మా నాయనమ్మ పాత పటాలు నాలుగు మూటకట్టి, "ఏటిలో కలిపి రా" అని నా చేతికిచ్చింది. నేను కలపనన్నాను. కాలువలో ఏం చూశానో చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "సరే, మరెక్కడ వెయ్యమంటావే? చెత్తకుండీలోనా? దేవుణ్ణి?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. "నదిలో వేయకండి" అని మేం బోర్డులు పెడుతున్నాం. ఎక్కడ వేయాలో చెప్పడం లేదు. పూజ చేసిన పటాన్ని చెత్తతో కలపడానికి మనసొప్పని మనిషి తప్పేమీ చేయడం లేదు. ఆ మనసే లేకపోతే నదికి దండం పెట్టే మనిషి కూడా ఉండదు. గౌరవంగా సాగనంపే చోటు లేక ఆవిడ నదిని వెతుక్కుంటోంది. అందుకని ఆ రాత్రి నాయనమ్మా నేనూ కలిసి ఒక పద్ధతి ఆలోచించాం. పటం విప్పి అద్దం వేరుచేశాం. చెక్క ఫ్రేము పొయ్యిలోకి వద్దంది, పాదుకు ఊతకర్రలుగా వాడదామంది. కాగితాన్ని పసుపు నీళ్ళలో నానబెట్టి ముద్దచేసి పెరట్లో ఉసిరి చెట్టు మొదట్లో పాతిపెట్టాం. పాతేముందు ఆవిడ చెట్టుకు దండం పెట్టుకుంది. ప్లాస్టిక్ పూత ఉన్న పటాలకు ఈ పద్ధతి పనికిరాదు, వాటిని వేరుగా పెట్టాం. ఇప్పుడు మా వీధిలో కొన్ని ఇళ్ళవాళ్ళు ఇదే చేస్తున్నారు. మేం బోర్డులు రాసినప్పుడు ఎవరూ మారలేదు. నాయనమ్మ చెబితే మారారు.

పోలి కథ కూడా ఆ రోజే ఆవిడ మళ్ళీ గుర్తుచేసింది. ఇక్కడున్న అక్కయ్యలకు తెలిసిన కథే. అత్తగారు మిగతావాళ్ళను వెంటబెట్టుకుని నదికి దీపాలు పెట్టడానికి వెళ్తుంది, చిన్నకోడలు పోలిని మాత్రం ఇంట్లో ఉంచేస్తుంది. ఒత్తికి పత్తి లేకుండా, నెయ్యి లేకుండా చేసి పోతుంది. పోలి పత్తిచెట్టు కింద రాలిన పత్తి ఏరుకుని, కవ్వానికి అంటిన వెన్న తీసుకుని, ఇంట్లోనే దీపం పెట్టి, ఎవరికీ కనబడకుండా బుట్ట బోర్లిస్తుంది. చివరికి స్వర్గం నుంచి విమానం వచ్చింది పోలి కోసమే. మనం ఏటా ఈ కథ చెప్పుకుని, అక్షింతలు వేసుకుని, ఆ తర్వాత రేవులో వదిలేది మాత్రం అత్తగారి సరంజామా. పర్యావరణం గురించి నేను చదివిన వ్యాసాలన్నింటికన్నా ఈ కథ సూటిగా ఉంది. రాలినదాన్ని ఏరుకుని, మిగిలినదాన్ని వాడుకుని, ఎవరికీ చూపించుకోకుండా పెట్టిన దీపానికే ఎక్కువ విలువని మన ఆడవాళ్ళే చెప్పుకున్నారు.

మన పండుగలను శ్రద్ధగా చూస్తే ఇలాంటివి చాలా ఉన్నాయి. వినాయకచవితికి 21 రకాల పత్రి కావాలి. వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, ఉత్తరేణి, వావిలి, జమ్మి, మద్ది, జిల్లేడు... ఇవన్నీ ఎక్కడెక్కడ ఉంటాయో తెలియాలంటే పిల్లలు గట్ల వెంట, దొడ్ల వెంట తిరగాలి. ఈ 21 ఆకుల్నీ గుర్తుపట్టగల పిల్లవాడికి వృక్షశాస్త్రం సగం వచ్చినట్టే. ఇప్పుడు బజార్లో కట్ట కొనేస్తున్నాం, అందులో ఏ ఆకు ఉందో విప్పి చూడం. విగ్రహం సంగతి కూడా అంతే. చెరువు మట్టి తీసి బొమ్మ చేసి మళ్ళీ చెరువుకే ఇచ్చేవాళ్ళం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం అలా కరగదు. దాని రంగుల్లో సీసం, క్రోమియం లాంటి లోహాలు ఉండవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ఈ విగ్రహాలు వద్దని చెప్పింది. మన తాతలు ఆ మార్గదర్శకాలు చదవలేదు, అయినా మట్టినే వాడారు.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మనలో చాలామంది వెళ్ళే ఉంటారు. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద వచ్చి కలుస్తారు. అక్కడ గుడి లేదు, ఉన్నది కొబ్బరితోటే. దేవుళ్ళు కలుసుకోవడానికి చెట్ల నీడ చాలనుకున్నారు మన పూర్వీకులు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని మోసేవాళ్ళు కౌశిక నీళ్ళలోకి దిగి, ప్రభ వాలకుండా అవతలి గట్టుకు చేరుస్తారు. పచ్చని చేలల్లోంచి ప్రభ నడిచిపోతే పంట తొక్కారని రైతు బాధపడడు, శివుడు నడిచాడని సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. దాన్ని టీవీలో చూసి గర్వపడ్డాం. ఆ కౌశిక నీళ్ళు శుభ్రంగా ఉంచుకోవడం కూడా ఆ గర్వంలో భాగం కావాలి.

ఇది ఒక్క మతానికి చెందిన మాట కాదు. నది ఒడ్డున కూర్చున్నా నీటిని వృథా చేయవద్దనే బోధ ఇస్లాంలో ఉంది. 2015లో, సరిగ్గా మన గోదావరి పుష్కరాల ఏడాదిలోనే, పోప్ ఫ్రాన్సిస్ భూమి సంరక్షణ మీద 'లౌదాతో సీ' అనే లేఖ రాశారు. రాజస్థాన్‌లోని ఖేజర్లీలో 1730లో బిష్ణోయిలు చెట్లు కొట్టనివ్వకుండా వాటిని కౌగిలించుకుని 363 మంది ప్రాణాలిచ్చారు. వాళ్ళు కాపాడిన ఖేజ్రీ చెట్టు ఏదో తెలుసా? మనం దసరాకు పూజ చేసే జమ్మి చెట్టే.

అయితే మతం ఒక్కటే చాలునా అంటే, చాలదనే నాకనిపిస్తుంది. దానికి సాక్ష్యం మన ధవళేశ్వరమే. 1832-33 కరువులో, 1839 తుపానులో ఈ నేల మీద జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడూ ఇదే గోదావరి పారుతోంది. అప్పుడూ జనం ఇదే నదికి దండం పెట్టారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట వచ్చాకే ఆ నది అన్నం పెట్టింది. సర్ ఆర్థర్ కాటన్ తన దేవుణ్ణి గట్టిగా నమ్మిన క్రైస్తవుడు. ఆయన దగ్గర పనిచేసిన వీణెం వీరన్న గారు, రాళ్ళు మోసిన వేలాది కూలీలు తమ తమ దేవుళ్ళను నమ్మినవాళ్ళు. ఎవరి దండం వాళ్ళు పెట్టుకుని, అందరూ కలిసి ఒకే పని చేశారు. ఈరోజు మనం కాటన్ దొర విగ్రహానికి దండ వేస్తున్నది ఆ పనికే.

ఇక సేవ గురించి. జాతీయ సేవా పథకం 1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో మొదలైంది. "నేను కాదు, మీరు" అనేది దాని నినాదం. రెండేళ్ళలో 240 గంటలు పనిచేయాలి. ఆ గంటలు లెక్క రాసుకుంటూ తిరిగిన నాకు ఒక సందేహం పట్టుకుంది. ఆదివారం రేవు ఊడుస్తాం, వచ్చే ఆదివారానికి మళ్ళీ అంతే చెత్త. ఫొటో తీసుకుంటాం, పేపర్లో వస్తుంది, రేవు మాత్రం మారదు. మరి ఈ సేవ ఎందుకు?

కొంతకాలం చేశాక నాకు దొరికిన జవాబు చెబుతాను. సేవ చేసినవాడికి ముందుగా దక్కేది చూపు. చెత్తను చేత్తో ఎత్తినవాడికే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఏ రోజు ఏది ఎక్కువ, ఏ మలుపులో చేరుతుంది, ఏ డ్రెయిను నోటి నుంచి వస్తుంది అని మేం రాసుకోవడం మొదలుపెట్టాక ఒకటి తేలింది. పూజ సామాను కంటికి బాగా కనిపిస్తుంది కాబట్టి తిట్లు దానికి పడతాయి. ఊళ్ళ మురుగు, దుకాణాల ప్లాస్టిక్, చెరువుల నుంచి వదిలే మురికినీరు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. రెండు పూలు వేసిన ముసలావిణ్ణి ఆపి పాఠం చెప్పడం సులువు. పంచాయతీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, జవాబు వచ్చేదాకా తిరగడం కష్టం. మేం ఇప్పుడు రెండోది కూడా చేస్తున్నాం. మా అర్జీ వల్ల రేవు దగ్గర రెండు సిమెంటు తొట్లు వచ్చాయి. ఒకటి పూలకు, పత్రికి. రెండోది ప్లాస్టిక్‌కి. పూల తొట్టి మీద "నిర్మాల్యం" అని రాశాం. ఆ ఒక్క మాట రాశాక జనం అందులో వేయడం మొదలుపెట్టారు. అది చెత్తకుండీ కాదని వాళ్ళకు అర్థమైంది. ఆ పూలు పేడతో కలిపి మాగబెడితే రెండు మూడు నెలల్లో ఎరువవుతోంది, బడి తోటకే వేస్తున్నాం.

ఇంకో మాట. మన కాలువ ఇక్కడితో ఆగదు, సముద్రం దాకా పోతుంది. గౌతమి పాయ చివర కోరింగ మడ అడవులున్నాయి. 1978లో వాటిని అభయారణ్యంగా ప్రకటించారు. నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్ల వేళ్ళు ఒండ్రును పట్టి నిలుపుతాయి, రొయ్యపిల్లకు, చేపపిల్లకు ఊయలవుతాయి, ఉప్పెన వేగాన్ని తగ్గిస్తాయి. 1996 నవంబరు 6 రాత్రి సంగతి ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. అప్పటికి నేను పుట్టలేదు, కానీ మా ఇంట్లో ఇప్పటికీ ఏళ్ళు లెక్కపెట్టేది "తుపానుకు ముందు, తుపాను తర్వాత" అనే. ఆ తీరానికే చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కూర్మావతారానికి పూజ చేసే మనం, వలలో చిక్కి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలును చూస్తే మాత్రం ముక్కు మూసుకుని పోతాం. మన వంతెన మీద నుంచి విసిరిన సంచి చివరికి చేరేది ఆ మడచెట్ల వేళ్ళలోకే, ఆ తాబేళ్ళ నోట్లోకే.

వచ్చే గోదావరి పుష్కరాలు 2027లో. 2015 పుష్కరాల తొలిరోజు, జూలై 14న, రాజమహేంద్రవరంలో జరిగిన తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. అప్పటికి నేను చిన్నపిల్లను, ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చుని ఏడ్వడం గుర్తుంది. పుష్కరుడు నది అంతటా ఉంటాడని శాస్త్రం. ఏ రేవులో మునిగినా పుణ్యం ఒకటే. ఆ మాట నమ్మితే జనం ఒకేచోట విరగబడరు, ఒకే రేవు చెత్తతో నిండదు. ఇక్కడ కూడా మతం సరిగ్గా అర్థమైతే ప్రకృతికీ మేలే, మనిషి ప్రాణానికీ మేలే.

అందుకని మన సంఘాన్ని మూడు కోరుతున్నాను. ఒకటి, ఏటా కాలువ కట్టేసిన రోజుల్లో ఒక ఆదివారం పూర్వ విద్యార్థులు, ఇప్పటి విద్యార్థులు కలిసి బడి వెనక వంతెన నుంచి లాకుల దాకా కాలువ అడుగు శుభ్రం చేయాలి. నీళ్ళొచ్చాక చేయలేం. రెండు, బడి ఆవరణలో 21 పత్రి మొక్కలతో ఒక తోట వేయాలి. ప్రతి మొక్కకూ పేరు రాసి పెట్టాలి. కడియం మనకు దూరం కాదు, మొక్కలు దొరుకుతాయి. మూడు, 2027 పుష్కరాలకు మన ఊరి రేవును మనమే చూసుకోవాలి. నిర్మాల్యం తొట్లు, అరటి దొప్పలు, దారి చూపించే మనుషులు, తాగే నీళ్ళు, వీటికి ఇప్పటినుంచే పేర్లు రాసుకోవాలి. డబ్బు పంపగలిగినవారు డబ్బు పంపండి, కానీ ఎక్కడున్నా ఆ పన్నెండు రోజుల్లో ఒక్కరోజు మనిషిగా రండి.

మా గురువులు మాకు చేతులు జోడించి ప్రార్థన చేయడం నేర్పారు. ప్రార్థన అయ్యాక అవే చేతులతో చీపురు పట్టి తరగతి ఊడవడం కూడా నేర్పారు. రెండూ ఒకే గంటలో జరిగేవి కాబట్టి అవి వేరువేరు అని మాకెప్పుడూ అనిపించలేదు. ఆ పాఠాన్ని తరగతి గది నుంచి రేవు దాకా తీసుకుపోవడం మా తరం వంతు. మీరు తోడు రండి.